ఊఁ కొట్టేవాళ్ళేరీ?

చిన్నప్పుడు రాత్రిపూట డాబా మీద పక్కలు వేసుకుని కథలు చెప్పించుకున్న వాళ్ళందరికీ ఒక షరతు గుర్తుండే వుంటుంది. "ఊఁ కొడితేనే చెబుతా" అనేది మా అమ్మమ్మ. మధ్యలో ఒక్క ఊఁ తప్పిందా, రాజుగారి ఏడో కొడుకుని అడవిలోనే వదిలేసి, "నిద్రపోయావుటే?" అని ఆగిపోయేది. కథ ఎంత మంచి పట్టులో వున్నా సరే, వినేవాళ్ళు వింటున్నారని తెలియకపోతే ఆవిడకి మాట ముందుకు సాగేది కాదు.

ఈవేళ నేను మీకు చెప్పబోయేది ఆ ఊఁ గురించే. టి.వి. వచ్చాక, కంప్యూటరు వచ్చాక, ఆ కంప్యూటరే చిన్నదై సెల్ ఫోను రూపంలో మన చేతుల్లోకి వచ్చాక, ఇళ్ళల్లో మాటలు తగ్గిపోయాయని అందరం అంటూనే వున్నాం. నేనూ అనేదాన్ని. అనడం, అంటూనే టి.వి. చూడటం, రెండూ చేసేదాన్ని. పోయిన ఏడాది మా యింట్లో జరిగిన ఒక సంగతితో నాకు కళ్ళు తెరుచుకున్నాయి. అది చెప్పేముందు కాస్త వెనక్కి వెళదాం.

పిచ్చాపాటీ అంటే మనకి కొంచెం చులకన. పనీపాటా లేనివాళ్ళ కాలక్షేపం అనుకుంటాం. బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ, చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ, కుళాయి దగ్గర బిందె నిండేదాకా చెప్పుకునే కబుర్లకి తలా వుండదు, తోకా వుండదు. వాన దగ్గర మొదలై, వంకాయల ధర మీదుగా వెళ్ళి, ఎవరింటి పెళ్ళి సంబంధం దగ్గరో తేలతాయి. కాని కాస్త జాగ్రత్తగా గమనించండి. "ఏమిటో వదినా, ఈమధ్య ఎడమ కాలు తిమ్మిరెక్కుతోంది" అన్న మాట ఆ కబుర్ల మధ్యనే వస్తుంది. "మా పిల్ల కాలేజీ మానేస్తానంటోంది" అన్నదీ అక్కడే బయటపడుతుంది. కుర్చీ వేసుక్కూర్చుని, "నాకో బాధ వుంది, అందరూ వినండి" అని ఎవరూ మొదలుపెట్టరు కదా! ముఖ్యమైన మాట ఎప్పుడూ పనికిరాని నాలుగు మాటల వెనకాల నక్కి నక్కి వస్తుంది. ఆ నాలుగూ లేకపోతే ఇదీ రాదు.

అలాగని పాతరోజులన్నీ బంగారమని నేననను. ఆ అరుగుల మీద చాడీలూ వుండేవి, ఒకరి గుట్టు ఒకరు బజారున పెట్టడమూ వుండేది. కొత్త కోడలు నోరు విప్పితే తప్పు. చాలా ఇళ్ళల్లో మగవాళ్ళు భోంచేస్తుంటే ఆడవాళ్ళు వడ్డించడమే గాని, ఆ మాటల్లో కలవడం వుండేది కాదు. కాబట్టి టి.వి. వచ్చి మన స్వర్గాన్ని పాడుచేసిందని చెబితే అది అబద్ధమే అవుతుంది.

అసలు నన్నడిగితే, టి.వి. వచ్చిన కొత్తలో మాటలు పెరిగాయి.

మన దేశంలో టి.వి. ప్రసారాలు 1959లో ఢిల్లీలో ప్రారంభమయ్యాయి. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు, ఉపగ్రహం ద్వారా పల్లెటూళ్ళకి కార్యక్రమాలు చూపించే ప్రయోగం ఒకటి జరిగింది. ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 గ్రామాలకు పెట్టెలు ఇచ్చారు. వాటిలో మన ఆంధ్రప్రదేశ్ పల్లెలు కూడా వున్నాయి. ఊరందరికీ కలిపి ఒకే పెట్టె. 1977లో హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం వచ్చింది. నాకు ఊహ తెలిసి టి.వి. చూసింది మాత్రం 1987లో. అప్పుడు మేం గుంటూరులో వుండేవాళ్ళం, నాకు ఎనిమిదేళ్ళు. మా వీధి మొత్తానికి వున్నవి రెండే టి.వి.లు.

ఆ యేడు జనవరిలో ఆదివారాలు పొద్దున పూట రామాయణం సీరియల్ మొదలైంది. 1988 జూలై దాకా నడిచింది. వీధిలో వాళ్ళందరం తలంట్లు పోసుకుని తడిజుట్లతో ఆ రెండిళ్ళలో చేరిపోయేవాళ్ళం. గాలి వీస్తే చాలు, బొమ్మ పోయి చుక్కలు పడేవి. ఒకరు డాబా ఎక్కి యాంటెన్నా తిప్పడం, ఇంకొకరు కిటికీలోంచి "వచ్చింది, వచ్చింది! అయ్యో పోయింది! కొంచెం ఎడమకి!" అని కేకలు పెట్టడం. సీరియల్ హిందీలో కదా, మా అమ్మ వాళ్ళకి ఒక్క ముక్క రాదు. హిందీలో రాష్ట్రభాష పరీక్ష ప్యాసైన ఒక పిన్నిగారు ముందు వరసలో కూర్చుని, ఒక్కొక్క మాటకీ తెలుగు చెప్పేవారు. వెనకాల ముప్ఫైమంది ఆడవాళ్ళు "ఊఁ, ఊఁ" అనేవారు. రామాయణం వాళ్ళకి తెలియనిదా? అయినా ఊఁ కొట్టేవారు. కైకేయి వరాలు అడిగిన వారమంతా మా కుళాయి దగ్గర అదే చర్చ. "తల్లి మనసు అలాగే వుంటుంది" అని ఒకరు, "తల్లి అయితే మాత్రం?" అని ఇంకొకరు. ఆ వంకన సవతి పిల్లలతో ఎవరు పడుతున్న కష్టాలు వాళ్ళు చెప్పుకున్నారు. చూశారా, టి.వి. మాట ఇచ్చింది. అందరూ కలిసి ఒకే బొమ్మ చూశారు కాబట్టి, అందరికీ మాట్లాడుకోవడానికి ఒకే విషయం దొరికింది.

తరవాత తరవాత ఎవరి టి.వి. వాళ్ళకి వచ్చేసింది. 1990ల్లో కేబులు వచ్చింది. 1995లో తెలుగులో ప్రైవేటు ఛానళ్ళు వచ్చాయి. సాయంత్రం ఆరు గంటల నుంచి రాత్రి పదింటి దాకా సీరియల్ వెంట సీరియల్. నిజం ఒప్పుకోవాలంటే నేను వాటికి పెద్ద అభిమానిని. అప్పటినుంచే ఇళ్ళల్లో మాటకి ఒక కొత్త నియమం వచ్చింది. ఏదైనా అడగాలన్నా చెప్పాలన్నా ప్రకటనలు వచ్చేదాకా ఆగాలి. సబ్బు ప్రకటనకీ, టీపొడి ప్రకటనకీ మధ్య వున్న ఆ మూడు నిముషాల్లోనే ఫీజులు, చుట్టాలు, జ్వరాలు అన్నీ తేలిపోవాలి. అంత తక్కువ వ్యవధిలో "ఉప్పు అయిపోయింది" అని చెప్పొచ్చు గాని, "మనసు బాగా లేదు" అని చెప్పడం అయ్యే పనేనా?

ఆ 1995లోనే, ఆగస్టు 15న, మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ అందుబాటులోకి వచ్చింది. మా వాళ్ళెవరికీ అప్పట్లో ఆ సంగతే తెలియదు. తరవాత కంప్యూటర్లు వచ్చాయి, వాటికోసం ఇంట్లో ఒక మూల ఒక బల్ల కూడా వచ్చింది. 2016లో ఫోన్లలో డేటా బాగా చవకయ్యాక ఆ బల్ల అవసరం కూడా లేకుండా పోయింది. ఎవరి కంప్యూటరు వాళ్ళ అరచేతిలోనే.

భాష ఎంత తమాషాగా మారిందో గమనించారా? మా అమ్మాయి లెక్కలు చేసీ చేసీ "బుర్ర హ్యాంగయింది" అంటుంది. మావారు అలిసిపోయి వస్తే "బ్యాటరీ అయిపోయింది" అంటారు. నేను ఏదైనా కాస్త వివరంగా చెప్పబోతే మా అబ్బాయి "అమ్మా, సీరియల్‌లా సాగదీయకు" అంటాడు. ఎదురుగా మనిషిని పెట్టుకుని ఫోను చూస్తూ కూర్చోవడానికి ఇంగ్లీషులో ఒక కొత్త మాటే పుట్టించారట. 2012లో ఆస్ట్రేలియాలో ఒక నిఘంటువు వాళ్ళ ప్రచారంలో భాగంగా 'ఫబ్బింగ్' అన్నారు. ఫోను అన్న మాటనీ, చిన్నబుచ్చడం అని అర్థం వచ్చే ఇంగ్లీషు మాటనీ కలిపి చేశారు. మన తెలుగులో దానికి మాట లేదు. పని మాత్రం దివ్యంగా జరిగిపోతోంది.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టారు కదా. ఆ నెల 28 నుంచి దూరదర్శన్‌లో మళ్ళీ అదే రామాయణం వేశారు. నాకెంత సంతోషమో! అందరినీ పిలిచి కూర్చోబెట్టాను. మా అత్తగారూ వచ్చి కూర్చున్నారు. పది నిముషాలు గడిచాక చూద్దును కదా, మావారు ఫోనులో వార్తలు చదువుతున్నారు, అమ్మాయి స్నేహితులకి ఏదో టైపు చేస్తోంది, అబ్బాయి చెవుల్లో ఇయర్ ఫోన్లు. నేనే ఏం తక్కువ? వాట్సాప్ గ్రూపులో మా పిన్ని కూతురికి "మేం రామాయణం చూస్తున్నాం" అని రాస్తున్నాను. అదే రాముడు, అదే కైకేయి. ఊఁ కొట్టేవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. తెర వైపే చూస్తూ కూర్చున్నది మా అత్తగారొక్కరే.

ఇక పోయిన ఏడాది సంగతికి వస్తాను.

మా అత్తగారికి డెబ్భై ఆరేళ్ళు. చలాకీ మనిషి. తన మందులు తనే వేసుకుంటారు, ఒక స్టీలు డబ్బాలో దాచుకుంటారు. రెండేళ్ళ నుంచి ఆవిడ టి.వి. సౌండు పెంచుకుంటూ పోయేవారు. "నాయనమ్మకి సీరియల్స్ పిచ్చి ముదిరింది" అని పిల్లలు నవ్వేవారు, నేనూ నవ్వేదాన్ని. ఆవిడ మాట కూడా తగ్గింది. ఏం చెప్పినా "ఊఁ" అనేవారు. వయసు మీద పడుతోంది, ఒద్దిక వచ్చిందని అనుకున్నాను. కోడలి మాటకి అత్తగారు ఎదురు చెప్పకుండా ఊఁ అంటే ఏ కోడలికి చేదు చెప్పండి!

ఒకరోజు డాక్టరుగారు ఆవిడ బి.పి. బిళ్ళ మార్చారు. పాతది మానేసి కొత్తది వెయ్యమన్నారు. ఆ సాయంత్రం నేను హాల్లో కూర్చుని, ఎదురుగా టి.వి., చేతిలో ఫోను, తల తిప్పకుండానే, "అత్తయ్యా, పాత బిళ్ళ మానెయ్యండి, రేపట్నుంచి కొత్తదే వేసుకోండి" అన్నాను. "ఊఁ" అన్నారు. నా పని అయిపోయిందనుకున్నాను.

మూడోరోజు పొద్దున ఆవిడ పెరట్లో కళ్ళు తిరిగి పడిపోయారు. మణికట్టు ఎముక విరిగింది. ఆస్పత్రిలో బి.పి. చూస్తే బాగా పడిపోయి వుంది. మందుల డబ్బా తెరిచి చూస్తే, పాతవీ కొత్తవీ రెండు రకాల బిళ్ళలూ లెక్కప్రకారం తగ్గి వున్నాయి. రెండూ వేసుకున్నారన్నమాట. డాక్టరుగారు కాగితం మీద రాసుకుంటూ, తలెత్తకుండా, "నొప్పి ఎక్కడిదాకా వుందమ్మా?" అని అడిగారు. "ఊఁ" అన్నారు మా అత్తగారు. ఆయన కలం పక్కన పెట్టి నా వైపు చూశారు. "ఆవిడకి చెవులు ఎప్పట్నుంచి వినపడటం లేదు?"

నా దగ్గర జవాబు లేదు. ఒకే యింట్లో, ఒకే కప్పు కింద, రోజూ మూడు పూటలా నా చేత్తో అన్నం పెడుతున్న మనిషికి చెవులు ఎప్పట్నుంచి వినపడటం లేదో నాకు తెలియదు.

పిండికట్టు కట్టాక చెవి పరీక్షకి తీసుకెళ్ళాం. పరీక్ష చేసినాయన ఓపిగ్గా చెప్పారు. వయసుతో వచ్చే చెవుడు ఒక్కరోజులో రాదు. ముందు సన్నని, హెచ్చు స్థాయి ధ్వనులు పోతాయి. అంటే స, ష, త, క, ప లాంటి హల్లులు సరిగా అందవు. అచ్చులు వినపడుతూనే వుంటాయి. అందువల్ల ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమన్నారో మాత్రం తెలియదు. హల్లులు జారిపోయాక 'పాతది'కీ 'కొత్తది'కీ తేడా ఎంత మిగులుతుందో మీరే ఆలోచించండి. పక్కన టి.వి. మోగుతూ వుంటే వున్న వినికిడి కూడా పనిచెయ్యదు. ఆడవాళ్ళ గొంతులూ పిల్లల గొంతులూ మరీ కష్టం. ఇదేదో మా యింటికే పట్టిన పీడ కాదు. 60 యేళ్ళు దాటినవాళ్ళలో నలుగురిలో ఒకరికి పైగా వైద్యం అవసరమైనంత వినికిడి లోపం వుంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క.

ఇంటికొచ్చాక ఆవిడ ఎదురుగా కూర్చుని, గట్టిగా, "అత్తయ్యా, వినపడటం లేదని ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను. ఆవిడ కోపంగా ఏమీ అనలేదు. "ఎప్పుడు చెప్పనమ్మా? అందరూ ఏదో ఒకటి చూస్తూనే వుంటారు. నాకు వినపడకపోయినా మీకెవరికీ ఇబ్బంది కాలేదుగా, పోనీలే అనుకున్నాను" అన్నారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నిజమే కదా! మనిషికి చెవుడు వస్తే ఇంట్లోవాళ్ళకి వెంటనే తెలియాలి. ఒకటడిగితే ఇంకోటి చెబుతారు, నవ్వులాటలవుతాయి, చిరాకులవుతాయి. అలా తెలుస్తుంది. మా యింట్లో రెండేళ్ళపాటు తెలియలేదంటే, జవాబు కావలసిన మాట ఆవిడని ఎవరూ ఒక్కటీ అడగలేదనే అర్థం. ఆవిడ వినపడకుండా ఊఁ కొట్టారు, మేము వినకుండా ఊఁ కొట్టాము. రెండు దొంగ ఊఁలతో సంసారం సాఫీగా నడిచిపోయింది.

మర్నాటినుంచి రాత్రి భోజనాల వేళ టి.వి. కట్టేయడం, ఫోన్లు వంటింటి గూట్లో పెట్టడం అని నియమం పెట్టుకున్నాం. మొదటివారం ఎంత ఇబ్బందిగా వుందో చెప్పలేను! ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ చారన్నం కలుపుకునేవాళ్ళం. ఏం మాట్లాడాలో ఎవరికీ తోచేది కాదు. కంచాల చప్పుడే. "టి.వి. అయినా పెట్టమ్మా, బోరు" అన్నాడు మా అబ్బాయి. ఇంతలో ఒకరోజు మా అత్తగారే, "ఈ గోంగూర ఎవరు తెచ్చార్రా, ముదురు" అన్నారు. మావారు తనేనని ఒప్పుకున్నారు. దానిమీద ఆయన చిన్నప్పుడు బజారుకెళ్ళి చిల్లర పారేసుకొచ్చిన కథ బయటికొచ్చింది. పిల్లలు పగలబడి నవ్వారు. ఆ వారమే మా అమ్మాయి మాటల్లో మాటగా, తను చదువుతున్న గ్రూపు తనకి ఇష్టం లేదని చెప్పింది. ఏడాది నుంచి మనసులో పెట్టుకుందట.

చెవి మిషను కొన్నాం. అది పెట్టుకోగానే అన్నీ చక్కబడిపోతాయని అనుకోకండి. మొదట్లో కుక్కరు ఈల, గిన్నెల చప్పుడు అన్నీ భరించలేనంతగా వినపడి, ఆవిడ విసుక్కుని తీసి పక్కన పెట్టేవారు. అలవాటు కావడానికి కొన్ని వారాలు పట్టింది. మేం కూడా కొన్ని నేర్చుకున్నాం. వెనకనుంచి పిలవకూడదు. ముందు చెయ్యి తాకి, ఎదురుగా వచ్చి, మన పెదవులు కనపడేలా, అరవకుండా నింపాదిగా చెప్పాలి. మందుల సంగతైతే చెప్పాక, ఆవిడ చేత తిరిగి చెప్పించుకోవాలి.

ఇంకో విశేషం చెబుతాను. ఇందులో మాకు బాగా అక్కరకొచ్చింది ఆ ఫోనే. మనం మాట్లాడుతూ వుంటే మాటలని తెలుగు అక్షరాల్లో తెర మీద చూపించే ఏర్పాటు ఫోన్లలో వుందని మా అబ్బాయి కనిపెట్టి, నాయనమ్మ ముందు పెట్టాడు. అప్పుడప్పుడు తప్పులు పడతాయి, అవి చూసి ఆవిడే నవ్వుతారు. మా ఆడపడుచు అమెరికాలో డల్లాస్‌లో వుంటుంది. ఒకప్పుడైతే ఉత్తరమే దిక్కు. ఇప్పుడు ఆదివారం మనకి పొద్దున ఏడున్నర అయ్యేసరికి వాళ్ళకి శనివారం రాత్రి అవుతుంది, వీడియోలో కనిపిస్తుంది. "అమ్మకి నాతో మాట్లాడాలని లేదేమో, ఊఁ తప్ప ఏమీ అనదు" అని ఆవిడ రెండేళ్ళు లోపల్లోపల బాధపడిందట. ఇప్పుడు తల్లి కూతురి పెదవులు చూస్తుంది, మాట పట్టుకుంటుంది, ఎదురు ప్రశ్న వేస్తుంది. కాబట్టి ఆ పెట్టెలని తిట్టి లాభం లేదు. మనిషికీ మనిషికీ మధ్య పెడితే అడ్డం, పక్కన పెట్టుకుంటే సాయం.

సీరియళ్ళు మానేశామా అంటే, లేదు సుమండీ! ఎనిమిది గంటల సీరియల్ నేనూ మా అత్తగారూ ఇప్పటికీ చూస్తాం. కాకపోతే పక్కపక్కనే కూర్చుని, ఆ ప్రతినాయిక కట్టుకున్న పట్టుచీర మీద వ్యాఖ్యానాలు చేసుకుంటూ చూస్తాం.

రేడియోలో మాట్లాడేవాళ్ళకి కూడా ఒక లోటుందండీ. అద్దాల గదిలో కూర్చుని మైకు ముందు ఎంత చెప్పినా, అవతల ఊఁ కొట్టేవాళ్ళు వినపడరు. ఎవరో ఒకావిడ ఎప్పుడో ఒక కార్డు ముక్క రాస్తే, ఫరవాలేదు, విన్నారని ప్రాణం లేచొస్తుంది. ఇప్పుడిది అచ్చులో చదువుతున్న మీరు నాకు ఊఁ కొట్టనక్కరలేదు. ఒక చిన్న పని చెయ్యండి, చాలు. ఇవాళ సాయంత్రం టి.వి. కట్టేసి, మీ ఇంట్లో వున్న పెద్దవాళ్ళ వెనకాల నిలబడి, మామూలు గొంతుతో ఒక ప్రశ్న అడగండి. ఊఁ అనో అవుననో చెబితే సరిపోయేది కాకుండా, "రేపు కూరేం చేద్దాం?" లాంటిది అడగండి.

కూర పేరు చెబితే సంతోషం. ఊఁ అని వూరుకుంటే మాత్రం, ఎదురుగా వెళ్ళి కూర్చుని ఇంకోసారి అడగండి.